జవాబు డబ్బాలోంచి వచ్చిన సాయంత్రం

ఈమధ్య ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక పెద్ద హోటల్లో, జానపద పాటను ఎట్లా బతికించుకోవాలన్న సంగతి మీద సభ పెట్టి నన్ను కూడా పిలిచారు. నేను నోరు తెరవకముందే శాలువా కప్పారు. ముందే శాలువా కప్పారంటే అర్థం తెలుసు కదా, నీ పని అయిపోయింది, ఇక కూర్చో అని. నాకన్నా ముందు మాట్లాడినాయన, ప్రతి ఊర్లో యువగాయకుల సంఘాలు పెట్టాలి, పెద్దవాళ్ల నోట్లో ఉన్న పాటలన్నీ రికార్డు చేసి భద్రపరచాలి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చేసరికి బయట భోజనాల మూతలు తీస్తున్న చప్పుడు వినపడుతోంది. "రెండు ముక్కల్లో ముగించండి పెద్దాయనా" అన్నారు.

నేను రెండు ముక్కలే చెప్పాను. "సంఘం పెట్టినం. రికార్డు చేసినం." అని దిగి వచ్చేశాను.

వాళ్లకది గొప్పగా వినపడినట్టుంది. మళ్లీ చప్పట్లు కొట్టారు.

మిగిలిన ముక్కలు ఇక్కడ రాస్తున్నాను. ఇంకా వయసులో ఉండి, ఏదో ఒకటి చెయ్యాలని కాళ్లు దురదపెడుతున్న పిల్లలు ఎవరైనా ఉంటే చదవండి. భోజనాల వేళ అయినవాళ్లు వెళ్లొచ్చు.

నేను మైకుసెట్టు వాణ్ని. నలభై ఏళ్లకు పైగా అదే బతుకు. శంషాబాద్‌లో పాత బస్టాండు వెనక గల్లీలో దుకాణం. పెళ్లికీ చావుకీ, బోనాలకూ ఉర్సుకూ, గెలిచే పార్టీకీ ఓడే పార్టీకీ నా గొట్టాలే అరిచాయి. బడిలో కూర్చున్నది తక్కువ. అక్షరాలు రికార్డు అట్టల మీదా, ఎన్నికల గోడరాతల్లోనూ కూడబలుక్కున్నాను. యాంప్లిఫయర్ లోపలి సంగతి వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నాను. కనుక నా రాతలో నున్నదనం తక్కువైతే సర్దుకోండి.

మైకు పనిలో విద్య ఎంత గట్టిగా పెట్టాలన్నది కాదు, ఎక్కడ తగ్గించాలన్నది. బతుకమ్మకు నాకొక పద్ధతి ఉండేది. పాట ఎత్తుకునే ఆమెకు ఒకే మైకు, ఒకే గొట్టం. ఆ గొట్టాన్ని కూడా ఆడేవాళ్ల మీదికి కాకుండా పక్కకు తిప్పి కట్టేవాణ్ని. ఎందుకంటే బతుకమ్మ పాట ఒక్కరి పాట కాదు. నడుమ పువ్వుల బతుకమ్మలు పెట్టి ఆడవాళ్లు చుట్టూ తిరుగుతుంటే, ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లంతా ఉయ్యాలో అని జవాబిస్తారు. ఆ జవాబు పాటకన్నా పెద్దగా ఉండాలి. ఎత్తుకున్న గొంతు జవాబును తొక్కేసిందంటే మైకువాడికి పని రాదని లెక్క.

మా ఊరు విమానాశ్రయం ప్రహరీని ఆనుకుని ఉంది. ఇళ్లు ప్రహరీకి ఇవతల మిగిలాయి, పొలాలు అవతల పడ్డాయి. మా ఊర్లో పాట ఎత్తుకునేది ఒక అవ్వ. నాకన్నా పెద్దది, ఊరందరికీ అవ్వే. ఒకప్పుడు నాట్లలో ముందు వరుస ఆమెది. తర్వాత అదే భూమిలో, ఎయిర్‌పోర్టు పచ్చిక బయళ్లకు నీళ్లు పెట్టే పనికి కూడా పోయింది. నా గొట్టమంటే ఆమెకు ఎప్పుడూ ఎగతాళే.

"అరే మైకోడా, గా గొట్టం నా నోటికాడికి ఎందుకు దెస్తవ్‌రా? నేనేమన్న పొయ్యి ఊదుతున్ననా?"

విమానాలు మా ఊరి నెత్తి మీద నుంచే లేస్తాయి. అది పోయేదాకా పక్కవాడి మాట వినపడదు. వేరే ఊళ్లలో అయితే పాట ఆపి నిలబడతారు. అవ్వ ఆపేది కాదు. చప్పుడు దూరాన మొదలవగానే ఉయ్యాలోను పట్టుకుని సాగదీసేది. ఆడవాళ్లంతా ఆ సాగుడు అందుకుని, ఎత్తిన కాలు దించకుండా ఊగుతూ ఉండేవాళ్లు. విమానం దాటి చెవులు ఖాళీ కాగానే అప్పటికప్పుడు కట్టిన ముక్క వదిలేది.

"రెక్కలాడని పిట్ట ఉయ్యాలో, గింజ ముట్టని పిట్ట ఉయ్యాలో. మన చేనుమీదికెల్లి ఉయ్యాలో, మనలనడుగక వాయె ఉయ్యాలో."

ఆడవాళ్లు పక్కున నవ్వేవాళ్లు. నవ్వులోనే జవాబిచ్చేవాళ్లు. పొలం పోయిన బాధను అంత తేలిగ్గా పైకి ఎగరేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇంకొక పద్ధతి చెప్పాలి. పక్క ఊళ్లలో ఉందో లేదో నాకు తెలియదు, మా ఊర్లో ఉండేది. సద్దుల రోజు, అంటే బతుకమ్మ ఆఖరి రోజు, బతుకమ్మలను నీళ్లలో వదలడానికి ఎత్తే ముందు, ఆఖరి పాట ఒకటుంటుంది. పోయిన బతుకమ్మ నుంచి ఈ బతుకమ్మ దాకా ఊర్లో చనిపోయిన ఆడవాళ్ల పేర్లు అందులో పెట్టాలి. ఒక్కొక్కరికి ఒకటి రెండు ముక్కలు కట్టి, చివర పేరు ఎత్తుకోవాలి. పేరు వచ్చినప్పుడు మాత్రం చప్పట్లు ఆగిపోతాయి, కాళ్లు ఆగిపోతాయి, జవాబు ఒక్కటే లేస్తుంది. అంతమంది ఆడవాళ్ల గొంతు, కింద ఏ తాళమూ లేకుండా, ఒక్క మనిషి పేరు వెనక. నా గొట్టాన్ని ఆ పాటకు ఎప్పుడూ ఆపేసేవాణ్ని. ఆ ఏటి పేరు ఆ ఏటిదే. మరుసటి ఏటికి నిల్వ ఉండదు, మరుసటి ఏటికి మరుసటి ఏటి చావులు ఉంటాయి.

పొలాలు పోయాక నాట్లు పోయాయి. నాట్లు పోయాక పాట నోటికి పట్టే చోటు పోయింది. ఆడపిల్లలు ఎయిర్‌పోర్టు షిఫ్టులకూ కొత్తూరు కంపెనీలకూ బస్సులెక్కారు. అవ్వ దగ్గర ఉన్నదంతా అవ్వతోనే పోతుందని నాకు పరేషాన్ మొదలైంది. దుకాణం పైన ఒక ఖాళీ గది ఉంటే సున్నం వేయించి, ఆదివారం ఆదివారం పాటల సంఘం అన్నాను. అవ్వను అడగడానికి వెళితే ఏమన్నదో చెప్పనా?

"ఏందిరా, పాటలకు గూడ ట్యూషన్ వెడ్తవా? ఇగ ఏడ్సుటానికి గూడ వెట్టు. గది గూడ మరుస్తున్నరు."

తిట్టింది కానీ వచ్చింది. మొదటి ఆదివారం నేను కుర్చీలు వరుసగా వేసి, ముందు బల్ల పెట్టాను. ఆమె చూసి కుర్చీలన్నీ గోడకు తోయించింది. "కూసుంటే నాకు యాదికి రాదు బిడ్డా, కాళ్లు ఆడాలె" అని, గది నడుమ ఒక బకెట్ బోర్లించి, దాని చుట్టూ పిల్లలను తిప్పింది. కింద చాయ్ హోటల్ వాడు పైకప్పు కూలుతుందేమోనని వచ్చి చూసి, కాసేపు నిలబడి, జవాబిచ్చి వెళ్లాడు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి గొంతు వేరు. కొత్తూరు దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. పనిలో తలకు పెట్టుకునే టోపీ గుర్తు నుదుటి మీద అట్లాగే ఉండగా వచ్చేది. పాడేటప్పుడు కళ్లు మూసుకునేది. అవ్వ ఆ పిల్ల మోకాలి మీద ఒకటేసింది.

"కండ్లు మూసుకొని ఎవ్వలకు వాడుతున్నవే? కాళ్లు జూడు. ముసలామె కాలు లేస్తలేదంటే నీ పాట ఉరుకుతున్నట్టు. పడుసుదాని కాలు ఎగురుతున్నదంటే నీ పాట ఏలాడుతున్నట్టు."

నాలుగేళ్లు అట్లా నడిచింది. ఆ అమ్మాయి కాళ్లు చూసి పాడటం నేర్చింది, విమానం వస్తే సాగదీయడం నేర్చింది, నిలబడ్డపాటున ముక్క కట్టడం కూడా నేర్చింది. సంఘంలో డప్పు కొట్టే ఒక యువకుడు ఉండేవాడు, నన్ను మామా అనేవాడు. డప్పు మీద చెయ్యి బాగా తిరిగేది. తర్వాత్తర్వాత డీసీఎం వ్యాను వెనక మనిషెత్తు స్పీకర్ డబ్బాలు పేర్చుకుని డీజే అయ్యాడు. అందులో తప్పేం లేదు. నా గొట్టం వచ్చినప్పుడు నాకన్నా ముందటి వాళ్లు నన్నూ తిట్టే ఉంటారు.

రికార్డింగు ఆలోచన పిల్లలది. సిటీలో ఒక స్టూడియోకు పోయి అవ్వ నేర్పిన పాట ఒకటి పాడి, వీడియో చేసి పెడతామన్నారు. నేను వద్దనలేదు. పాట భద్రపడుతుందన్నారు. అందరం కలిసి పోయాం. స్టూడియో అతను నెమ్మదైనవాడు. మొదట అందరినీ పాడించి విన్నాడు. తర్వాత, జవాబిచ్చే పిల్లల శ్రుతి కలవడం లేదన్నాడు. వాళ్లను బయట సోఫాలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆ అమ్మాయితో పాట పాడించాడు. తర్వాత జవాబు కూడా ఆమెతోనే పాడించాడు. మళ్లీ పాడించి, మళ్లీ పాడించి, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. వింటే పది మంది ఆడవాళ్లు ఉన్నట్టే ఉంది. ఉన్నది ఒక్కతే. ఆమె పాటకు ఆమే జవాబు.

పిట్ట ముక్క కూడా అందులో పెట్టించారు, బాగుందని.

ఫోనులో పాట వచ్చిన రోజు అందరం అవ్వ దగ్గరికి పోయాం. అవ్వ ఫోను చెవికి ఆనించుకుని, గోడకు వీపు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా విన్నది. మధ్యలో పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. ఫోను తిరిగి ఇచ్చేసింది.

"మంచిగున్నది బిడ్డా. మస్తుగ వాడినవ్. నాకే సందు దొర్కుతలేదు."

మేమంతా నవ్వాం. ముసలామె కదా, ఫోనుతో పోటీపడి పాడబోయింది అనుకున్నాం. ఆ మాటను నేను ఇప్పటికీ ఒక్కో రోజు పొద్దున లేవగానే వింటాను.

పాట ఊళ్లు పట్టుకుంది. కాలనీల్లో పెట్టారు, పెళ్లిళ్లలో పెట్టారు, ఎవరిదో ఆటోలో కూడా విన్నాను. ఆ అమ్మాయిని బస్సులో గుర్తుపట్టి సెల్ఫీలు దిగేవాళ్లు. సంఘానికి పేరొచ్చింది. సంఘానికి పిల్లలు తగ్గారు. ఎందుకు రావాలి? పాట ఫోనులో ఉంది కదా.

ఆ ఏడు వానల్లో అవ్వ మంచం పట్టింది. దవాఖానలో వేశారు. నేనూ ఆ అమ్మాయీ పోయాం. మనిషి చిక్కిపోయింది కానీ నోరు చిక్కలేదు. నర్సమ్మను ఏదో అని నవ్వించి పంపి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"సద్దులనాడు నన్ను పాటల వెట్టుడు మర్వకు. పొడుగు వెట్టకు, ఒక్క ముక్క జాలు. జవాబు మాత్రం గట్టిగియ్యుమను. నేను సచ్చినంక సన్నగ ఇస్తే ఊకోను."

"గట్ల మాట్లాడకు అవ్వా, నువ్వే పాడుతవ్ గద" అన్నది ఆ అమ్మాయి.

"సాలు తియ్. వెడ్తవా, వెట్టవా?"

"వెడ్త."

వినాయక చవితికి ముందే అవ్వ పోయింది.

ఇక ఆ సద్దుల సాయంత్రం. మా ఊరికీ, పక్కనే పెద్ద గేటు పెట్టి కట్టిన కొత్త కాలనీకీ నడుమ ఒక ప్లాట్ల మైదానం ఉంది. ఆ ఏడు రెండూ కలిసి అక్కడే ఆడాలనుకున్నారు. పోట్లాట లేదు, అందరికీ ఇష్టమే. తంగేడు, గునుగు పువ్వులు మా దగ్గర ఎక్కడా లేక, కందుకూరు వైపు నుంచి ఆటోల్లో వచ్చాయి. వార్డు నాయకుడు తన కానుకగా డీజే పెట్టించాడు. డీజే ఎవరు? మా డప్పు యువకుడే. నేను నా ఒక్క మైకు, ఒక్క గొట్టం పట్టుకుని పోయాను.

"మామా, గీ గొట్టం ఇంక అమ్మలేదా? నాకియ్యి, మ్యూజియంల వెట్టిస్త" అన్నాడు.

"తొందరెందుకురా, జర ఆగు. నిన్ను గూడ దాని పక్కనే వెడ్తరు" అన్నాను.

నవ్వుకున్నాం. ఒప్పందం ఒకటి చేసుకున్నాను. ఎంతసేపైనా డబ్బాలు మోగించుకో, ఆఖరి పాట మాత్రం డబ్బాలు బంద్. అమ్మాయి నోటితో పాడుతుంది, ఆ ఏడు ఊర్లో పోయిన ఆడమనిషి అవ్వ ఒక్కతే, ఆమె పేరు పెడుతుంది. "నీ మాట కాదంటనా మామా, అవ్వ నాకు గూడ అవ్వనే గద" అన్నాడు. కాలనీ సంఘం కార్యదర్శికి కూడా చెప్పాను. ఆమె గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగస్తురాలు, బతుకమ్మ అంటే ప్రాణం, మూడేళ్లుగా పట్టుదలగా పువ్వులు పేర్చడం నేర్చుకుంది. "తప్పకుండానండీ. పెద్దావిడ పేరు పెట్టకపోతే ఎలాగండీ?" అన్నది. ఒక్కరు కూడా అడ్డం చెప్పలేదు. అడ్డం చెప్పినవాళ్లు ఉంటే ఈ కథ నాకు సులువుగా ఉండేది.

ఆట మొదలైంది. డబ్బాల్లోంచి వచ్చింది ఆ అమ్మాయి పాటే. నేల అదిరింది. ఆ అమ్మాయి షిఫ్టు దిగి నేరుగా వచ్చి, అవ్వ కోసమని చిన్న బతుకమ్మ ఒకటి పేర్చి నడుమ పెట్టింది. బస్సులో వస్తూ కట్టుకున్న ముక్క నా చెవిలో చెప్పింది. పంటలేని ఊర్ల పాట పండించిన తల్లి అని మొదలు, ఆ వెనక పేరు. బాగుంది. అవ్వ విన్నా మోకాలి మీద ఇంకొకటేసి ఊరుకునేది.

నేను పని లేక నిలబడి చూస్తున్నాను. మైకువాడికి పని లేకపోతే చెవులు ఊరికే ఉండవు. డబ్బాల్లో పిట్ట ముక్క వచ్చింది, రెక్కలాడని పిట్ట అని. పైకి చూశాను. ఆకాశంలో ఏమీ లేదు. కాసేపటికి నిజంగా విమానం వచ్చింది. డబ్బా సాగదీయలేదు, ఆగలేదు, దాని దారిన అది పాడుకుంటూ పోయింది. ఆ నాలుగు చరణాలు విమానం తినేసింది. ఎవరికీ పట్టలేదు, చప్పట్లు తప్పలేదు. అప్పుడు ఆడవాళ్ల నోళ్ల వైపు చూశాను. చీరలు తళతళలాడుతున్నాయి, చేతులు ఆడుతున్నాయి, కాళ్లు ఆడుతున్నాయి. నోళ్లు మూసుకుని ఉన్నాయి. పాటా అందులోనే ఉంది, జవాబూ అందులోనే ఉంది. వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

నాయకుడు ఆలస్యంగా వచ్చి, తొందరగా పోతానని చెప్పి, నిదానంగా మాట్లాడాడు. అంతా అయ్యాక యువకుడు మాట ప్రకారం డబ్బాలు ఆపాడు. ఆ పాటకు గొట్టం ఆపేది నా పద్ధతి, కానీ ఊరూ కాలనీ కలిసిన జనం కదా అని ఆ ఒక్కసారికి ఉంచాను. ఆ అమ్మాయి నా మైకు పట్టుకుని నడుమకు పోయింది.

డబ్బాలు ఆగిన వెంటనే వచ్చే నిశ్శబ్దం మంచిది కాదు. చెవుల్లో ఇంకా గుయ్యిమంటుంటుంది, మనిషి గొంతు దోమ చప్పుడులా వినపడుతుంది. అయినా ఎత్తుకుంది. గొంతు షిఫ్టులో అలిసిపోయి జీరగా ఉంది, కానీ నిలబడింది. మొదటి చరణం పాడి, జవాబు కోసం ఆగింది.

జవాబు రాలేదు.

ఒక పక్క నుంచి ముగ్గురు నలుగురు ముసలివాళ్లు అందుకున్నారు, మిగతావాళ్లు అందుకోకపోయేసరికి వాళ్లూ జారవిడిచారు. చాలామంది ఫోన్లు పైకెత్తారు. పాడేది వీడియోలోని అమ్మాయి కదా, ఎదురుగా నిలబడింది కదా. కాళ్లు ఆగిపోయాయి. అందరూ ఆమె వైపు తిరిగి, సభలో పాట విన్నట్టు వింటున్నారు.

ఆమె మళ్లీ అదే చరణం ఎత్తుకుంది, ఇంకా నిదానంగా, కాళ్ల వైపు చూస్తూ. చూడటానికి ఆడే కాళ్లు ఎక్కడున్నాయి?

మా ఊరి పిల్లే ఒకతి అరిచింది. "వీడియోల ఉన్నట్టు వాడవే! గిది కొత్తగున్నది."

కార్యదర్శి దగ్గరికి వచ్చి, నిజంగా బాధపడుతూ అన్నది. "మాకు ఎక్కడ అందుకోవాలో తెలియడం లేదమ్మా. మీ పాటే ఉంది కదా, అంత చక్కగా పాడారు, అది పెట్టించేసుకోకూడదూ? పాపం గొంతు కూడా బాగోలేదు మీకు."

"ఇది ఆ పాట గాదు మేడం, అవ్వ పేరు వెట్టాలె" అన్నది ఆ అమ్మాయి. ఆ మాట మైకులోంచే అన్నది. అందరూ విన్నారు. కొందరు అయ్యో అన్నారు. అయ్యో అనడం జవాబు కాదు.

మూడోసారి ఎత్తుకుంది. పంటలేని ఊర్ల అన్నదగ్గర గొంతు విరిగింది. ఒక్క గుక్క ఆగింది. ఆ గుక్కలో డబ్బాలు పేలాయి.

ఆమె గొంతే. స్టూడియోలో పేర్చిన గొంతు, ఏ జీరా లేనిది, ఉయ్యాలో మీద ఉయ్యాలో వేసుకుంటూ మైదానమంతా కమ్మేసింది. ఆడవాళ్లకు ప్రాణం లేచివచ్చింది. హమ్మయ్య అన్నట్టు చప్పట్లు అందుకున్నారు, తిరగడం మొదలుపెట్టారు, జవాబు జారవిడిచిన ముసలివాళ్లతో సహా. నడుమ ఆ అమ్మాయి మైకు పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, నాలుగు దిక్కుల నుంచీ తన గొంతు తనను పాడుతుంటే నిలబడి ఉంది.

నేను వ్యాను దగ్గరికి ఉరికాను. నా వయసులో ఉరకడం అంటే తెలుసు కదా, తోసుకుంటూ, తిట్టుకుంటూ, రెండు చోట్ల తూలి. "బంద్ చెయ్‌రా, బంద్ చెయ్" అని అరిచాను. వాడికి వినపడలేదు. వెనక్కి పోయి, మందంగా ఉన్న తీగ చూసి పీకేశాను. అన్నేళ్లు తీగలు కలిపిన చెయ్యి, పీకడం ఎంతసేపు?

మైదానం చప్పబడింది. "కరెంటు వాయెనా?" "ఎవడ్రా గది?" అని కేకలు. నేను తీగ పట్టుకుని, ఇప్పుడు పాడు బిడ్డా అని చెప్పడానికి నడుమకు చూశాను. మైకు నేల మీద ఉంది. ఆ అమ్మాయి చిన్న బతుకమ్మను నెత్తిన పెట్టుకుని నీళ్ల వైపు నడిచిపోతోంది. ఒకరు ఎత్తితే అందరూ ఎత్తాలి కదా, ఇంకొకరు, ఇంకొకరు. వలయం విడిపోయి వరుస అయిపోయింది.

యువకుడు వ్యాను దిగి వచ్చాడు. నేను వాడి గల్లా పట్టుకున్నాను. "మాటిచ్చినవ్ గదరా. ఎందుకు వెట్టినవ్?"

వాడు గల్లా విడిపించుకోలేదు. కళ్లు తడిగా ఉన్నాయి.

"పిల్ల ఇజ్జత్ పోతుండె మామా. అంతమందిల ఒక్కలు గూడ జవాబియ్యలే. గందుకే నేనిచ్చిన."

గల్లా వదిలేశాను. ఆ మైదానంలో ఆమెకు జవాబివ్వాలని తోచింది వాడొక్కడికే. వాడి దగ్గర ఉన్న జవాబు వాడిచ్చాడు.

నీళ్లంటే చెరువు కాదు, మునిసిపాలిటీ వాళ్లు కట్టిన సిమెంటు తొట్టి. నేను పోయేసరికి ఆ అమ్మాయి దాని అంచున కూర్చుని ఉంది. అవ్వ బతుకమ్మ అప్పటికే నీళ్లలో నాని, వేరే బతుకమ్మల్లో కలిసిపోయింది. నేను పక్కన నిలబడ్డాను. ఇక్కడ పాడు బిడ్డా, నేనిస్త జవాబు, ఈ ముసలోళ్లు ఇస్తరు అన్నాను. ముసలివాళ్లు నలుగురు తలలూపారు.

"ఒద్దు తాతా. అవ్వ జవాబు గట్టిగియ్యుమన్నది" అన్నది.

"వచ్చే ఏడు వెడుదం తియ్ బిడ్డా" అన్నది ఒక ముసలామె, తను అంటున్నది కుదరదని తెలిసి కూడా.

ఆ అమ్మాయి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. పొద్దున షిఫ్టు ఉంది. పోతూ పోతూ నాతో అన్నది.

"నా గొంతే నాకడ్డమొచ్చింది తాతా."

ఆ తర్వాత నేను గొట్టం కట్టలేదు. వయసైపోయి మానేశానని అందరూ అనుకుంటారు, అనుకోనివ్వండి. సంఘానికి ఇంకో రెండు ఆదివారాలు పిల్లలు వచ్చారు. మూడో ఆదివారం నేనూ పోలేదు. ఆ అమ్మాయి ఇప్పటికీ కొత్తూరు బస్సు ఎక్కుతుంది. సద్దులకు వస్తుంది, అందరితో పాటు చుట్టూ తిరుగుతుంది, చప్పట్లు కొడుతుంది, డబ్బాలో తన పాట మోగుతుంటే నోరు మూసుకుని తిరుగుతుంది. పాట ఎత్తుకోమని ఎవరూ అడగరు. అవసరం ఏముంది? పేర్లు పెట్టే పాట ఆ ఏటితో ఆగిపోయింది. ఆ తర్వాత ఊర్లో చనిపోయిన ఆడవాళ్లకు ఫ్లెక్సీలు కడుతున్నారు, ఫోటో పెద్దగా వస్తుంది.

మీరు సంఘాలు పెడతానంటే వద్దనను. హోటల్లో శాలువాలు కప్పేవాళ్లకన్నా మీరు నయం. కానీ నాలుగేళ్లు మేం గదిలో చేసిన పని మళ్లీ చెయ్యకండి. మేం ఎత్తుకునే గొంతును తయారుచేశాం. మంచి గొంతు, నిజంగా మంచిది. అందరూ దాని మీదే కళ్లు పెట్టాం. జవాబిచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారనుకున్నాం, గాలి ఉన్నట్టు, ఎవరూ నేర్పనక్కర్లేదన్నట్టు. శ్రుతి కలవని ఆ పిల్లలను సోఫాలో కూర్చోబెట్టి చాయ్ పోయించినప్పుడే ఆ మైదానం ఖాళీ అయింది. గాయకులు దొరుకుతారు, పోటీలు పెట్టండి, గుంపులు గుంపులుగా వస్తారు. శ్రుతి లేని గొంతుతో, సిగ్గుపడకుండా, ఎదుటిమనిషి చరణానికి ఉయ్యాలో అనేవాళ్లు పదిమంది మీ వీధిలో దొరుకుతారేమో ముందు చూసుకోండి.

ఇది రాశాక చదివి వినిపిస్తే, మా బంధువుల పిల్లాడొకడు అడిగాడు. అంతా రాశావు కదా తాతా, పాటలో పెట్టని ఆ పేరు కనీసం ఇక్కడన్నా పెట్టొచ్చు కదా, పుస్తకంలో నిలిచిపోతుంది అన్నాడు. మంచి మనసుతోనే అడిగాడు.

పెట్టను. పెడితే మీరు చదువుతారు, పాపం అనుకుంటారు, పేజీ తిప్పుతారు. అది చదవాల్సిన పేరు కాదు. చప్పట్లు ఆపి, కాళ్లు ఆపి, గట్టిగా జవాబియ్యాల్సిన పేరు.